బృందచికిత్స – మన విద్యార్థులు

(వార్షిక మహాసభ విద్యావిషయక సమావేశమున చేసిన యుపన్యాసము)



మన వార్షిక మహాసభలయందు విద్యార్థివేతనములనుగూర్చియు, వసతిగృహమునకు కావలసిన గదులనుగూర్చియు, వివాహవ్యయములను తగ్గించుకొనుటనుగూర్చియు ఉపన్యాసములు వినుట మనకు వాడుక. ఈ యేడు కార్యవర్గమువారు నన్ను మనోవ్యాధులకు జరుగు బృందచికిత్సనుగూర్చి మాటలాడుమని కోరిరి. వారికి నా కృతజ్ఞతలు. ఇట్టి విషయము మన సభ కెక్కుటయే యొక విశేషము. ఇంటిలో నొకరికి జ్వరము వచ్చినచో వీధివారందరు పలుకరించి పోవుదురు. అదే యింటిలో నొకరి మనసు చెదరినచో మేనమామకు సైతము తెలియనీయక తలుపు వేసికొందుము. పిల్లకు సంబంధము తప్పిపోవునేమో యని భయము. కుఱ్ఱవానికి పిచ్చివాడని పేరు వచ్చునేమో యని భయము. ఈ భయము నిరాధారమని నేననను. ఒకరి నొకరము అట్లు చూచుచున్నది మనమే గనుక, ఆ భయమునకు ఆధారము మనమే.

సభవారి యెదుట నున్న తీర్మానములలో నొకటి, విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు సమీపమున తార్నాకలో, మన కులవిద్యార్థులకు ప్రత్యేకముగా నొక చికిత్సాబృందమును మన వసతిగృహమునందే నెలకొల్పుటకు ధనసహాయ మొనర్పవలయునని చెప్పుచున్నది. ధనసహాయ మొనర్పవలయు ననుటను నేను మనఃపూర్వకముగా బలపరచుచున్నాను. కాని తీర్మానములో కొన్ని మాటలు మార్చవలయునని నా మనవి. అవి యేవియో తరువాత చెప్పెదను. ఈ చికిత్స యెట్టిదో ముందుగా వినినగాని నా మనవి మీకు విపరీతముగా తోచును.

మొదట స్థలమును కొంచెము చూతము. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1917వ సంవత్సరమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి ఫర్మానాచే స్థాపింపబడినది. నేడు మనము చూచు ఆర్ట్సు కళాశాలా భవనము 1939లో తెరువబడినది. నగరమునకు చదువుకొన వచ్చు తెలుగు బాలురకు తలదాచుకొన చోటు దొరకని ఆ దినములలో కులసంఘములే వసతిగృహములను నెలకొల్పినవి. 1918లో రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు ఇందులకు ప్రసిద్ధమైన నిదర్శనము. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా పనిచేసిరి. అన్నము, గది, దీపము, ఈ మూడును దొరకినచో తక్కినది కుఱ్ఱవాడే చూచుకొనునని నాటి పెద్దలు నమ్మిరి.

నేడు అన్నమును గదియు దొరకుచున్నవి. దీపము రాత్రి రెండుగంటలవరకు వెలుగుచునే యున్నది. చిక్కు మరియొక చోట వచ్చినది. ఆ ప్రాంగణమున చదువువారిలో తమ వంశమున పట్టము పుచ్చుకొను మొదటివారు పెక్కురు. పల్లెనుండి వచ్చినవాడు తిరిగి పోవలెనన్న ఉద్యోగము చేతబట్టుకొని పోవలయును. పట్టము వచ్చిన పిదప గూడ గ్రూప్ వన్ అనియు, గ్రూప్ టూ అనియు, పోలీసు ఉద్యోగమనియు, ఉపాధ్యాయ పరీక్ష యనియు ఏండ్లతరబడి గ్రంథాలయమున కూర్చుండువారు కలరు. గ్రూప్ వన్ ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరులో జరిగి, ప్రశ్నపత్రములు బయటపడుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. మరల 2023 జూనులో జరిగినదానిని హైకోర్టు రద్దుచేసెను. మూడవమారు 2024 జూనులో జరిగెను. ఇరువదియేడేండ్ల వయస్సున మొదలుపెట్టినవానికి ఇందులోనే ఇరువదితొమ్మిది నిండినవి. ఇంటివద్ద చెల్లెలికి పెండ్లి, తండ్రికి మోకాళ్లనొప్పి, పండుగకు పోయినచో చుట్టములందరి ప్రశ్న యొక్కటే.

తార్నాక యను పేరునకు, తారు అనగా తీగ, నాకా అనగా కావలిచోటు, పూర్వ మచట తీగకంచెయు కావలియు నుండుటచే నా పేరు వచ్చెనని చెప్పుకొందురు. నేడా ప్రాంతమున జాతీయ పోషకాహార సంస్థ కలదు. రసాయనశాస్త్ర పరిశోధనాలయము కలదు. హబ్సిగూడ మార్గమున జీవకణములను శోధించు సంస్థయు, భూగర్భమును శోధించు సంస్థయు కలవు. అన్నమును, అణువును, కణమును, భూమిని ఇంత శ్రద్ధగా పరిశీలించు ఆ రెండు మూడు మైళ్ల నడుమ, అద్దెగదిలో నిద్రపట్టక పొర్లాడు విద్యార్థిని పలుకరించువారు మాత్రము మిక్కిలి తక్కువ.

ఇది యతిశయోక్తి కాదు. జాతీయ నేరనమోదు సంస్థవారి లెక్కలప్రకారము 2022వ సంవత్సరమున మనదేశములో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. 2015-16 సంవత్సరములలో జరిగిన జాతీయ మానసికారోగ్య పరిశీలనమున, వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నారనియు, రుగ్మతభేదమునుబట్టి వారిలో నూటికి డెబ్బదినుండి తొంబదిరెండుగురివరకు చికిత్స యనునదియే యెరుగరనియు తేలినది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక బాలిక మరణించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు 2025 జూలైలో తీర్పు చెప్పుచు, నూరుగురు మొదలు అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల సలహాదారు నొకనినైన నియమింపవలయునని యాదేశించిరి. అది మంచి యాదేశము. కాని వేలకొలది విద్యార్థులున్నచోట ఒక్కొక్కరిని గంటసేపు ప్రత్యేకముగా చూచుటకు సలహాదారులెందరు కావలయునో మీరే లెక్క వేసికొనుడు. అట్టిచోట బృందచికిత్స యక్కరకు వచ్చును. అయితే అది చౌకయైన మార్గముగా మాత్రమే మేలైనదని తలపకుడు. ఒంటరిగా వైద్యునియెదుట కూర్చున్నపుడు దొరకనిది యొకటి అందులో దొరకును.

ఈ పద్ధతి పుట్టిన వృత్తాంత మాశ్చర్యకరమైనది. 1905వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమున జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు క్షయరోగపీడితులైన బీదలను వారమున కొకమారు ఒకచోట చేర్చి, గాలి, విశ్రాంతి, ఆహారము మొదలగువానినిగూర్చి బోధించుచుండెను. ఆయన యుద్దేశము కేవలము బోధ. కాని రోగులొకరి నొకరు చూచుకొని ధైర్యము తెచ్చుకొనుట యాయన కనుగొనెను. బరువు పెరిగినవానిని చూచి తగ్గినవాడు ఆశ పెంచుకొనెను. వారు వేరువేరు జాతులవారు, వేరువేరు మతశాఖలవారు. రోగమొక్కటి యగుటచే బంధువులైరని ఆయన వ్రాసికొనెను. ఆ తరగతికి ధనమిచ్చినది ఆ యూరి ఇమ్మానుయేలు చర్చివారు. ధనము ఒక మతశాఖవారిది, కూర్చున్నవారు పలుశాఖలవారు. ఈ సంగతి మీరు మనసున నుంచుకొనవలయునని కోరుచున్నాను.

తరువాత వియన్నానుండి వచ్చిన మొరీనో అను వైద్యుడు ఈ పద్ధతికి పేరు తెచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని నార్త్‌ఫీల్డు సైనికాసుపత్రిలో బయాన్, ఫౌక్స్ మొదలగువారు యుద్ధభూమినుండి మనసు చెదరి వచ్చిన సైనికులకు బృందములుగా చికిత్స చేసిరి. 1970లో అర్విన్ యాలం అను వైద్యుడు ప్రకటించిన గ్రంథము నేటికిని ఈ విద్య నేర్చువారికి పాఠ్యగ్రంథము. మనదేశమున 1950 ప్రాంతమున అమృతసరమునందలి మానసికాసుపత్రిలో విద్యాసాగరు అను వైద్యుడు చేసినది వీరందరికంటె మనకు దగ్గరిది. అప్పటివరకు రోగిని గేటువద్ద విడిచిపోవుటయే వాడుక. ఆయన ఆసుపత్రి యావరణలో డేరాలు వేయించి, రోగితో గూడ బంధువులనచట నుంచి, దినదినము వారందరి నొకచోట కూర్చుండబెట్టి మాటలాడుచుండెను. తమ బిడ్డకు వచ్చినదే పదిమంది బిడ్డలకును వచ్చినదని తల్లిదండ్రులు కన్నులార చూచిరి. బిడ్డను మరల ఇంటికి తీసికొనిపోవుటకు వారికి ధైర్యము కలిగెను.

ఇక నీ చికిత్స జరుగు విధము. సాధారణముగా ఆరుగురు మొదలు పదిమందివరకు ఒక బృందముగా నేర్పడుదురు. శిక్షణ పొందిన చికిత్సకుడొకడుగాని యిద్దరుగాని యుందురు. వారమున కొకమారు, నియమితమైన దినమున, నియమితమైన గంటకు, గంటన్నరసేపు కూర్చుందురు. కుర్చీలు వలయాకారముగా నుండును. వేదిక యుండదు, పూలదండ యుండదు, అధ్యక్షుడుండడు. మన సభల కలవాటుపడినవారికి ఇదియే మొదటి కష్టము. కొన్ని బృందములు పండ్రెండు, పదునారు వారములని గడువు పెట్టుకొని ఒక్కనాడే మొదలై ఒక్కనాడే ముగియును. కొన్ని సంవత్సరములతరబడి సాగుచు, పోవువారు పోవుచు వచ్చువారు వచ్చుచుందురు. కొన్నిటియందు పాఠమువలె నేర్పుదురు: ఆలోచనల నెట్లు పరీక్షించుకొనవలయును, కోపము వచ్చినపుడేమి చేయవలయును, నిద్ర నెట్లు కుదుర్చుకొనవలయును అని. కొన్నిటియందు పాఠమే యుండదు. సభ్యులొకరితో నొకరు మెలగు తీరే పాఠము.

బృందమున చేరకముందు చికిత్సకుడు ఒక్కొక్కరిని వేరుగా పిలిచి మాటలాడును. ఎవరికిది తగునో తగదో అపుడు తేల్చును. ఆత్మహత్యకు తలపడుచున్న వానిని, లేనిమాటలు వినబడుచు రోగము తీవ్రముగా నున్నవానిని, త్రాగివచ్చువానిని వెంటనే బృందమున కూర్చుండబెట్టరాదు. వారికి ముందు వైద్యుని చూపవలయును, మందు ఇప్పింపవలయును. మందు వాడుచున్నవారు బృందమున చేరినంతమాత్రమున మందు మానరాదు. పిదప నియమములు చెప్పుదురు. ఇక్కడ విన్నమాట బయట పలుకరాదు. రాలేనినాడు ముందు తెలుపవలయును. బృందమును విడువదలచినవాడు చెప్పి విడువవలయును. బృందము నడచునంతకాలము సభ్యులు బయట ప్రత్యేక స్నేహములు పెంచుకొనరాదు. ఈ చివరి నియమము విని మనవారు నవ్వుదురు. పరిచయమైన పిదప టీకైన పోవద్దా? వద్దు. ఇద్దరు బయట మాటలాడుకొనినది లోపల ఎనమండుగురు మాటలాడుకొనవలసినదానిని తినివేయును.

చేరువారు మొదటినుండి సౌఖ్యము నాశింపరాదు. మొదటి రెండు మూడు వారములు వట్టి మౌనముగాను, వట్టి మర్యాదగాను గడచుట పరిపాటి. 'నా కష్టమే నాకు చాలును, ఇతరుల యేడుపు కూడ వినవలయునా' యని తోచును. ఇంటికి పోయిన పిదప మునుపటికంటె బరువుగా నుండుటయు కలదు. మానివేయువారిలో పెక్కుర ఈ వారములలోనే మానుదురు. కావున వచ్చినవారిని కొన్నివారములైన ఆగి చూడుమని చికిత్సకులు బ్రతిమాలుదురు. కొంతకాలమునకు సభ్యులలో నొకరిపై నొకరికి కోపము వచ్చును, చికిత్సకునిపై గూడ వచ్చును. అది చెడుగుర్తు కాదు. ఇంట తండ్రియెదుట నోరెత్తనివాడు ఇచట, 'మీరు నామాట వినుట లేదు' అని యొక పెద్దవయసువానితో అనగలిగి, అందువలన మిన్ను విరిగి మీద పడలేదని చూచుకొనినచో, అది పదినెలల యుపదేశమునకు సమానము.

అనుభవము చెప్పవలయునన్న నాకొక యిబ్బంది కలదు. నేనెరిగిన బృందములలో పలికిన మాట నొక్కటియు నిచట చెప్పరాదు. కావున కల్పించి చెప్పెదను. తార్నాకలో నొక మేడగదియందు ఎనమండుగురు కూర్చున్నారనుకొనుడు. ఒకడు ఆరేండ్లనుండి పోటీపరీక్షలకు చదువుచున్నవాడు. ఒకరు లాలాగూడ రైల్వే యుద్యోగి. ఒకతె పరిశోధకురాలు, ఆమె గ్రంథము సగమున నిలిచిపోయినది. ఒకరు హబ్సిగూడ గృహిణి, ఏబదియేండ్ల యామె, భర్త పోయిన పిదప నిద్ర యెరుగదు. తక్కినవారిట్టివారే. అయిదవవారమున పరీక్షలవాడు తలవంచుకొని ఒకమాట చెప్పెను: తానొక ప్రైవేటు కళాశాలలో పాఠములు చెప్పుచున్నానని రెండేండ్లనుండి తల్లికి టెలిఫోనులో అబద్ధ మాడుచున్నాడు, నెలనెల అప్పుచేసి కొంత పైకము గూడ పంపుచున్నాడు. గదిలో ఎవరును మాటలాడలేదు. చాలసేపటికి హబ్సిగూడ గృహిణి యనినది: 'నా కుమారుడు బెంగుళూరునుండి అట్లే మాటలాడును. వాని యుద్యోగము పోయినదని నాకు తెలియును. అడిగినచో టెలిఫోను చేయుట మానునేమో యని అడుగను.' కుఱ్ఱవాడు తలయెత్తి యామెను చూచెను.

ఇందులో చికిత్సకుడు చేసినదేమి? ఏమియు లేదు, ఆ మౌనమును చెడగొట్టకుండుటయే యాతడు చేసినది. ఆ మాట మానసిక వైద్యుడు చెప్పినచో ఓదార్పగును. స్నేహితుడు చెప్పినచో సలహా యగును. కన్నతల్లి చెప్పజాలదు. మరియొకని తల్లి చెప్పుటచేత అది సత్యముగా నాతనికి తాకినది. అంతేకాదు, చెప్పినందువలన ఆమెకును మేలు కలిగినది. తన బాధ యొకరికి పనికివచ్చినదని తెలిసికొనుట మనోవ్యాధిగ్రస్తునకు గొప్ప యౌషధము. దీర్ఘకాలము రోగియైనవాడు పుచ్చుకొనుటయే యెరుగును, ఇచ్చుట మరచును. బృందమున నాతడిచ్చువాడగుచున్నాడు. నాకే యిట్లున్నదనుకొన్నది అందరికి నున్నదని తెలియుట, కోలుకొన్నవానిని కన్నులార చూచుట, తనమాట యితరులకెట్లు తగులునో అప్పటికప్పుడే తెలిసికొనుట, ఇవి బృందచికిత్సవలని ముఖ్యలాభములు. దిగులు, భీతి మొదలగు పెక్కురుగ్మతలయందు ఒంటరిచికిత్సతో సమానముగా బృందచికిత్సయు ఫలించుచున్నదని పరిశోధకులు తేల్చియున్నారు.

ఈ సందర్భమున భాషనుగూర్చి యొకమాట. డిప్రెషన్ అను ఇంగ్లీషుమాట పలికినంతనే మన పెద్దలు జడిసి వెనుదీయుదురు. బెంగ, దిగులు, మనసు విరుగుట, గుండె బరువెక్కుట, ఇవి మన యమ్మమ్మల మాటలు. వీనిని పలుకుటకు ఎవరును సిగ్గుపడరు. బృందము తెలుగున జరిగినచో ఈ మాటలే మొదట వెలువడును. తార్నాకలో ఉర్దూ మాటలాడువారును కలరు గావున రెండును కలసిన భాషయైన నాకు సమ్మతమే. కన్నీరు వచ్చునపుడు వ్యాకరణ మెవరు చూతురు?

ఇపుడు కొందరు పెద్దలడుగుదురు: నలుగురు కూర్చుండి మాటలాడుకొనుట మన కెరుగనిదా? రచ్చబండ లేదా? 1992 ప్రాంతమున నెల్లూరు మండలము దూబగుంటలో అక్షరములు నేర్వ రాత్రిబడికి చేరిన స్త్రీలు తమ యిండ్లలోని సారాగోడు చెప్పుకొని, కలసికట్టుగా లేచి, 1993లో సారా నిషేధింపబడువరకు నిద్రపోలేదు గదా! నిజమే. చెప్పుకొనుటలోని బలమునకు అంతకంటె నిదర్శన మక్కరలేదు. కాని ఆ స్త్రీల గోడు దాచవలసినది కాదు; ఊరందరి యెదుట జరుగుచున్నది. రచ్చబండయందు తీర్పు కలదు, తప్పు కలదు, జరిమానా కలదు. చికిత్సాబృందమున తీర్పు లేదు. తీర్పు లేనిచోటగాని నోరువిప్పలేని బాధలు కొన్ని యున్నవి.

ఇక తీర్మానమునకు వచ్చెదను. మన వసతిగృహమున మన విద్యార్థులను మాత్రమే బృందముగా చేర్చినచో ఏమగునో చెప్పుడు. ఎనమండుగురిలో ఇద్దరు వేలువిడిచిన మేనబావలు. ఒకని పెదతండ్రి ఈ సంఘమున సభ్యుడు. మరియొకనికి ఎదుటివాని చెల్లెలితో సంబంధము నడచుచుండును. ఆ పరీక్షలవాని యబద్ధము ఆ గదిలో వెలువడునా? వెలువడినచో, వాడు గదికి చేరులోపల వాని తల్లికి చేరును. ఇంటిగుట్టు లంకకు చేటని నేర్చిన జాతి మనది. ఆ సామెత వాని నోటికి తాళము వేయును. హబ్సిగూడ గృహిణి మన కులస్థురాలు కాకపోవచ్చును గనుక ఆ గదిలో నుండనే యుండదు. ఆమె లేనిచో ఆ గదిలో మిగిలినది కుర్చీలు.

దీనికి విరుద్ధముగా ఒక దృష్టాంతము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఆఫ్రికాలోని ఉగాండాదేశపు నైరృతిభాగమున పదునైదు గ్రామములలో దిగులురోగమునకు బృందచికిత్స జరిపి, చికిత్స పొందినవారు గొప్పగా కోలుకొనిరని 2003లో ప్రకటించిరి. పదునారువారములు సాగిన యా బృందములలోని వారందరు ఒక్క యూరివారే. నడపినవారు గూడ కొలదికాలము శిక్షణ పొందిన ఆ ప్రాంతమువారే. దానినిబట్టి ప్రపంచారోగ్యసంస్థవారు 2016లో నొక కరదీపికయు వెలువరించిరి. కావున తెలిసినవారితో బృందము ఫలింపదని నేను శాసనము చేయజాలను. కాని ఆ గ్రామములవారి దుఃఖము ఎయిడ్సువలని చావులు, దారిద్ర్యము; ప్రతి గుడిసెకును తెలిసినవి. పురుషులకు వేరుగా, స్త్రీలకు వేరుగా బృందములు కట్టిరి. మన విద్యార్థి దుఃఖములో సగము మననుండి దాచుకొనుటయే. వానికి పరాయివారు కావలయును. కులము వానిని నగరమునకు చేర్చినది, చదివించినది. ఆ ఋణభారమును దించుకొనుటకు ఋణదాత యింటికే రమ్మనుట తగదు.

కొందరు మరియొకమాట అందురు: ఇతరకులములవారి నడుమ కూర్చున్నచో మనవానికి అవమానము జరుగవచ్చునని. జరుగవచ్చును. విశ్వవిద్యాలయములలో కులముపేర మనసు గాయపడుచున్న విద్యార్థులున్నారనుట అందరెరిగినదే. ఆ గాయము బృందమునందు గూడ రేగవచ్చును. మంచి చికిత్సకుడు దానిని కప్పిపుచ్చక గదినడుమకు తెచ్చి మాటలాడించును. చేతకానివాడు చూచి చూడనట్లుండును. కావున చికిత్సకుని యెన్నికలో జాగ్రత్త వలయును. 1992 చట్టముచే నేర్పడిన భారత పునరావాస మండలియందు క్లినికల్ సైకాలజిస్టుగా నమోదైనవాడో, మానసికవైద్యశాస్త్రమున పట్టము గలవాడో, బృందములను నడపుటలో శిక్షణ పొందినవాడో అడిగి తెలిసికొనవలయును. మూడునెలల సర్టిఫికెట్టుతో బోర్డు కట్టుకొన్నవారు నగరమున చాలమంది. మన కులమువాడను నొక్క యర్హతతో నెవరిని నియమింపరాదని స్పష్టముగా మనవి చేయుచున్నాను. ఈ మాట కొందరికి కష్టముగా నుండవచ్చును.

ఇంకొకటి. 2018 మే నెలనుండి అమలుజరుగుచున్న 2017 సంవత్సరపు మానసికారోగ్య చట్టప్రకారము, రోగిసంగతులను గోప్యముగా నుంచుట చికిత్సకునకు విధి. ఆ చట్టమే, ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన యొత్తిడిలో నుండెనని భావించి శిక్ష లేకుండ చేసినది. మానసికవ్యాధికి గూడ శరీరవ్యాధితో సమానముగా బీమా ఇయ్యవలయు ననినది. కాని తోడి సభ్యుల నా గోప్యతావిధి చట్టముచే కట్టదు. వారి మాటయే వారికి కట్టు. అందువలన బృందమున సంపూర్ణగోప్యత ఏ చికిత్సకుడును వాగ్దానము చేయజాలడు, చేసినచో నమ్మకుడు. పరాయివారి నడుమ ఈ యపాయము చిన్నది. బంధువుల నడుమ పెద్దది. రాత్రివేళ హఠాత్తుగా మనసు కలగినవారికి బృందము కూడుదినమువరకు ఆగుట కుదరదు గనుక, 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416ను వసతిగృహమున ప్రతి యంతస్తునందును వ్రాయించవలయును. అందు తెలుగున మాటలాడువారు కలరు, రుసుము లేదు.

కాబట్టి నా సవరణ యిది. తీర్మానములో 'మన కులవిద్యార్థులకు ప్రత్యేకముగా' అను మాటలు తీసివేయవలయును. 'మన వసతిగృహమునందే' అను మాటలును తీసివేయవలయును. తార్నాకలోగాని, సీతాఫల్‌మండిలోగాని, మెట్రో స్టేషనుకు నడచి పోదగిన దూరమున, మన బోర్డు లేని యొక గదిని సంఘము అద్దెకు పుచ్చుకొని, అర్హుడైన చికిత్సకుడు ఏ కులమువారితోనైనను, ఏ వయసువారితోనైనను బృందము నడపుటకు విడువవలయును. మన విద్యార్థి ఆ బృందమునగాని, నగరమున మరియే బృందమునగాని చేరినచో వాని రుసుమును సంఘమే చెల్లింపవలయును. వాడు చికిత్సకునకు చెప్పిన చాలును. మనకు దరఖాస్తు పెట్టనక్కరలేదు, సిఫారసుకొరకు ఎవరి గుమ్మము నెక్కనక్కరలేదు. చికిత్సకుడు నెలకొకమారు ఎందరి రుసుము రావలయునో ఆ సంఖ్య మాత్రము వ్రాసి పంపును.

కోశాధికారిగారు లెక్కలెట్లు చూపవలయునని యడుగవచ్చును. ప్రతివర్షము సంచికలో విద్యార్థివేతనములు పొందినవారి పేర్లు, తండ్రుల పేర్లు, గ్రామములు అచ్చువేయుచున్నాము. దాతల కది సంతోషము. ఈ పద్దుక్రింద మాత్రము మొత్తము అచ్చువేసి పేర్లచోట ఖాళీ విడువవలయును. ఆ ఖాళీకి సమ్మతించు దాతలు ఈ సభయందే తమ పేర్లను కార్యదర్శిగారివద్ద వ్రాయించుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను.